గిన్నెలో నానిన గింజలు

పన్ను పీకే ముందు డాక్టరు చిగుళ్ళకు ఒక సూది ఇస్తాడు. ఆ తర్వాత గంటసేపు మన పెదవి మనది కాదు. వేలితో ముట్టుకుంటే వేలికి తెలుస్తుంది గాని పెదవికి తెలియదు. మా అక్క సుగుణ పోయిన దగ్గర్నుంచి నాలుగు నెలలుగా నేను మొత్తం మనిషిని అలాగే ఉన్నాను. చర్చిలో గాని, సమాధుల తోటలో గాని నా కంట నీటిచుక్క రాకపోవడం చూసి "బ్రదర్ చాలా ధైర్యంగా ఉన్నారు" అని నలుగురూ మెచ్చుకున్నారు. అది ధైర్యం కాదని చెప్పడానికి కూడా బద్ధకమేసి తలూపాను. నా పేరు ఆనందరావు. పెట్టిన పేరుకీ పెరిగిన మనిషికీ పొత్తు కుదరకపోవడం లోకంలో కొత్తేమీ కాదు గాని, ఈ నాలుగు నెలల్లో ఎవరైనా "ఏం ఆనందం, ఎలా ఉన్నావు" అంటే, వెనక ఇంకెవరో ఉన్నారేమోనని తిరిగి చూడాలనిపించేది.

వానలు వెనకపట్టాక, బజార్లో బతుకమ్మకు తంగేడు పూలు కనిపించే రోజుల్లో బావ ఫోన్ చేశారు. బావ అంటే అక్క భర్త. పిల్లల్లేరు. అల్వాల్లో మా నాన్న కట్టిన ఇంట్లోనే ఇద్దరూ ఉండేవాళ్ళు, ఇప్పుడు ఒక్కరే ఉంటున్నారు. "తోటంతా గడ్డి పట్టిపోయిందోయ్. మీ అక్క ఈపాటికి మడులు కట్టించేసేది. నాకు అందులో ఓనమాలు తెలియవు. ఓసారి వచ్చి చూడరాదూ?" అన్నారు. నాకు మాత్రం తెలుసా? నేను తెలుగు లెక్చరర్‌గా రిటైరైనవాణ్ణి. నలభయ్యేళ్ళు వాక్యాల్లో కలుపు తీశాను. పదవి పోయాక పాదులు తవ్వుకుంటానని అందరికీ చెప్పి, మౌలాలిలో మూడో అంతస్తు ఫ్లాటు కొనుక్కున్న తెలివి నాది. అక్కడ నా వ్యవసాయమంతా బాల్కనీలో ఒక సీసా, అందులో ఒక మనీప్లాంటు. అదీ నన్ను నమ్ముకోకుండా, నీళ్ళను నమ్ముకుని బతుకుతోంది. అయినా బయలుదేరాను. వెళ్ళకపోవడానికి కారణం ఆలోచించడం కన్నా వెళ్ళడమే తేలికనిపించింది.

ఆ తోటను తోట అనడం మర్యాద కొద్దీ అనడమే. ఇంటి వెనక పట్టుమని అరెకరం కూడా లేని నేల. ఒకప్పుడు చుట్టూ అలాంటివే ఉండేవి. ఇప్పుడు మూడు వైపులా అపార్ట్‌మెంట్లు లేచి, మధ్యలో అది బావి అడుగులా మిగిలింది. ఎండ పదింటికి లోపలికొచ్చి మూడింటికే వెళ్ళిపోతుంది, ఆఫీసు మనిషిలా. నేను వెళ్ళేసరికి గడ్డిలో యాదమ్మ నడుము దాకా దిగి ఉంది. యాదమ్మ, మా చిన్నప్పుడు ఆ నేల తవ్విన మల్లయ్య కోడలు. ఆమెకూ అరవై దగ్గరపడ్డాయి. నేనూ పంచె ఎగ్గట్టి ఒక మూల మొదలుపెట్టాను. అది చూసి, ఆమె నడుము పట్టుకుని లేచింది.

"సారూ, గడ్డి పీకుతున్నరా, గడ్డికి దండం పెడుతున్నరా?"

"పీకుతున్నానమ్మా. అదే రావట్లేదు."

"గట్ల పైపైన పట్టుకుంటె దసరాకు మల్ల లేస్తది. జెర వంగుండ్రి. వేరు సుత రావాలె. అమ్మ ఉంటె మిమ్మల్ని తోట్ల అడుగు పెట్టనియ్యకపోవు."

"తెలుసు. ఎప్పుడూ పెట్టనివ్వలేదు."

అది నిజమే. అక్క నన్ను ఆ మడుల దరిదాపులకు రానిచ్చేది కాదు. దానికి కారణం ఉంది. ఆ కారణం గురించి రాద్దామనే కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నం విత్తనాల డబ్బా కోసం వంటింట్లో వెతికాను. పై అరలో, ఉప్పు డబ్బా పక్కన దొరికింది. మా చిన్నప్పటి బిస్కెట్ల రేకు డబ్బా. రంగులన్నీ పోయి, మూత మీద ఒక గుర్రబ్బండి చక్రం మాత్రం మిగిలింది. మూత తీయగానే బూడిద వాసన, ఎండిన వేపాకు వాసన. లోపల చర్చి కార్యక్రమం కాగితాలు మడిచి కట్టిన పొట్లాలు, వాటి మీద అక్క గుండ్రటి అక్షరాలు. మెంతులు. ధనియాలు. పాలకూర. ముల్లంగి. అన్నింటికన్నా అడుగున, దారం రెండు చుట్లు తిప్పిన పొట్లం మీద కూరగాయ పేరు లేదు. "నాయనమ్మ" అని రాసి ఉంది. దాని కింద సన్నగా, ఆసుపత్రి నుంచి వచ్చాక వణికే చేత్తో రాసిందనుకుంటాను, "ఈ ఏడు తప్పకుండా" అని.

అవి నల్ల చిక్కుడు గింజలు. మా నాయనమ్మ కృష్ణ ఒడ్డు ఊరి నుంచి కొడుకుతో పాటు సికింద్రాబాదు వచ్చినప్పుడు చీర కొంగున కట్టుకు తెచ్చినవి. బజార్లో దొరికే చిక్కుడు కాదు. కాయ పొట్టిగా, అంచున ఊదారంగు గీతతో ఉంటుంది. గింజ నల్లగా నిగనిగలాడుతూ, ఒక పక్కన తెల్లటి గీత దిద్దినట్టు ఉంటుంది. "మీ ఇంట్ల నామం పెట్టుకున్నది గీ గింజొక్కటే సారూ" అనేవాడు మల్లయ్య ఏటేటా, అదే మొదటిసారి అంటున్నట్టు. నాన్న కూడా ఏటేటా అదే మొదటిసారి విన్నట్టు నవ్వేవారు. మడి అనే మాట కూడా అంతే. మా క్రైస్తవుల ఇంట్లో మడి అంటే నేల మీద ఉండేదొక్కటే, దాన్ని ముట్టుకుంటే మైల కాదు, మట్టి అంటుకుంటుంది.

అక్క ఆ గింజల్ని ఏడాదికేడాది వేస్తూ, ఎండబెడుతూ కాపాడుకొచ్చింది. అడిగినవాళ్ళకు ఇచ్చేది కూడా. కాని తీసుకున్నవాళ్ళ పెరళ్ళన్నీ ఒక్కొక్కటే కారు షెడ్లయిపోయాయి. కిందటేడు ఆసుపత్రి చుట్టూ తిరగడంలో అక్క పందిరి వేయలేదు. చిక్కుడు గింజ రెండేళ్ళు ఓపిక పడుతుంది, మూడో ఏడు దాని మీద ఆశ పెట్టుకోకూడదని ఆమే అనేది. అంటే ఆ పొట్లంలో ఉన్నవే ఉన్నవి. ఈ వానలు పోయేలోగా మట్టిలో పడకపోతే నాయనమ్మ చిక్కుడు ఇక లేదు. ఈ సంగతి నాకు లెక్క తెలిసినట్టు తెలిసింది. గుండెలో ఎక్కడా ఏమీ కదల్లేదు. పొట్లం జేబులో పెట్టుకుని, టీ తాగడానికి వెళ్ళాను.

మా నాన్న మిషన్ బడిలో డ్రాయింగు మాస్టారు. తోట పనికి కూడా ఆయన ముందు బొమ్మ గీసేవారు. వానలు తగ్గుముఖం పట్టగానే ఒక ఆదివారం సాయంత్రం, పెద్ద చార్టు కాగితం నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పుస్తకాలు బరువు పెట్టి, ఎక్కడ మెంతి, ఎక్కడ ముల్లంగి, ఎక్కడ టమాటా నారు అని గీసి రంగులు వేసేవారు. టమాటాకు ఎరుపు, కొత్తిమీరకు ఆకుపచ్చ, పందిరి చిక్కుడుకు ఊదా. ఆదివారం పని చెయ్యకూడదు గాని, బొమ్మ గీయడం పని కాదని మా అమ్మను ఒప్పించడానికి ఆయనకు పెళ్ళయ్యాక నాలుగేళ్ళు పట్టిందట. సోమవారం నుంచి మల్లయ్య పార పట్టుకుని దిగేవాడు. నాన్న బడి నుంచి సైకిలు మీద వచ్చి, కాళ్ళు కడుక్కుని, మేకులకు దారం కట్టి, మడులకు గట్లు గీసేవారు. మల్లయ్యకు ఆ దారం అంటే చిన్నచూపు. "ముల్లంగికి మీ గీతలు కండ్లకు కనవడయి సారూ, అది దానిష్టమొచ్చినట్ల ఊరుతది" అనేవాడు. "అది ఎలా ఊరినా మనం తిన్నగా వేద్దాం" అనేవారు నాన్న. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ రోజుల్లోంచి ముందు నాకు వాసనలే వస్తాయి. తిరగేసిన తడి మట్టి, పక్క వీధి పాలవాళ్ళ దొడ్డి నుంచి బండి మీద వచ్చే పశువుల ఎరువు, మల్లయ్య బీడీ, వంటింట్లో కిరసనాయిలు స్టవ్ మీద పొంగిన కాఫీ. ఆ ఎరువు అరువు తెచ్చుకున్నదే. బదులుగా పాలవాళ్ళమ్మాయికి నాన్న బొమ్మలు నేర్పేవారు. ఆ పిల్ల ఏది గీసినా చివరికి గేదె అయ్యేది.

విత్తే రోజు ఒక పద్ధతి ఉండేది. నాన్న మొదటి మడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని చిన్న ప్రార్థన చేసేవారు. అంతసేపూ మల్లయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడి, "ఆమెన్" వినబడగానే వంగి, చిటికెడు మట్టి కళ్ళకద్దుకుని, తన తల్లి భూదేవితో తన మాటేదో తాను చెప్పుకునేవాడు. ఒకరిది అయ్యేదాకా ఒకరు ఆగేవారు. ఆ తర్వాతే గింజ. గింజ విషయంలో నాన్నకు ఒక పట్టుదల ఉండేది. ఉన్నవన్నీ వేసెయ్యాలి. "కొన్ని దాచుకున్నావంటే మట్టిని నమ్మనట్టే" అనేవారు. నాయనమ్మ దానికి ఒప్పుకునేది కాదు, ఏటా కొంగున ఒక గుప్పెడు ముడి వేసుకునే ఉండేది. కాని నేను చెప్పబోయే ఏడాదికి నాయనమ్మ లేదు. ఆ వేసవిలోనే పోయింది. తల్లి పోయాక నాన్న ఎలా ఉన్నారో నాకు గుర్తుందనుకునేవాణ్ణి. బడికి వెళ్ళారు, వచ్చారు, దారం కట్టారు. మామూలుగానే ఉన్నారనుకున్నాను. ఎనిమిదేళ్ళవాడికి ఎవరైనా మామూలుగానే కనిపిస్తారు.

శుక్రవారాలు అమ్మ చర్చిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థనకు వెళ్ళేది. పొద్దున్నుంచి ఏమీ తినకుండా, దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చేది. ఆ పూట ఉపవాసం విడవడానికి మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే కూర, ఎండు చిక్కుడు గింజల పులుసు. ముందు రోజు గింజలు గిన్నెలో నానబోసి కిటికీ గూట్లో పెట్టి వెళ్ళేది. బడి నుంచి వచ్చాక వాటి పొట్టు ఒలవడం అక్కదీ నాదీ పని. నానిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే, పొట్టు వేళ్ళ మధ్య ఉండిపోయి పప్పు టప్పున గిన్నెలోకి దూకుతుంది. అక్క ఆ పప్పుల్ని గురిపెట్టి నా ముక్కు మీదకు దూకించేది. అందుకని ఒలిచిన వాటిలో సగం మంచం కింద దొరికేవి.

ఆ శుక్రవారం నేను బడి నుంచి వచ్చేసరికి అక్క లేదు, వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతోంది. కిటికీ గూట్లో గిన్నె ఉంది. గిన్నెలో గింజలు నానుతున్నాయి. నల్లగా ఉన్నాయి. ఎప్పుడూ తెల్లవి ఉండేవి. కొట్లో ఈసారి ఇవే దొరికాయి కాబోలు అనుకున్నాను. ఆ వారం అమ్మ గింజలు నానబోయడం మరిచిపోయిందనీ, మర్నాడు మల్లయ్యతో విత్తించడానికని నాన్న మధ్యాహ్నం బడి నుంచి ఇంటికొచ్చి, వేడినీళ్ళలో నాయనమ్మ గింజలు పోసి వెళ్ళారనీ నాకెలా తెలుస్తుంది? నాకు తెలిసిందల్లా ఒక్కటే. అక్క ఆడుకుంటోంది, నేను పని చేస్తున్నాను. ఈ తేడా అమ్మా నాన్నా వచ్చేసరికి స్పష్టంగా కనబడాలి. కూర్చుని, అక్క వాటా కూడా కలుపుకుని, ఒక్క గింజ కింద పడకుండా మొత్తం ఒలిచాను. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. తర్వాత ఎమ్మే చదివాను గాని, అందులో అంత శ్రద్ధ లేదు.

నాన్న వచ్చి, కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ గిన్నె దగ్గరకొచ్చారు. గిన్నెలో తెల్లటి పప్పు. పక్కన కాగితం మీద నల్లటి పొట్టు కుప్ప. ఆ పొట్టులోంచి ఒకటి తీసి, కిటికీ వెలుతురుకు పెట్టి చూశారు. నామం మాత్రం దాని మీద అలాగే ఉంది.

"అన్నీ నువ్వే ఒలిచావా?"

"అవును నాన్నా. ఒక్కణ్ణే. అక్క ఆడుకుంటోంది."

నాన్న కాసేపు నా చేతులకేసి చూశారు.

"గోరు నొప్పి పుట్టలేదూ?"

"లేదు నాన్నా."

అంతే. నెత్తిన చెయ్యి వేసి ఒకసారి నిమిరి, పెరట్లోకి వెళ్ళి, దారం కట్టిన మేకుల మధ్య నిలబడ్డారు. అమ్మ వచ్చి గిన్నె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏదో అనబోయింది. నాన్న గుమ్మంలోంచి తల అడ్డంగా ఊపారు. అమ్మ ఆ పప్పే పులుసు పెట్టింది. అందరం కూర్చుని తిన్నాం. ఆ కంగారులో అమ్మ ఉప్పు వేయడం మరిచిపోయింది. మొదటి ముద్దకే అక్క మొహం నాకేసి తిప్పింది. అమ్మ భయం భయంగా "ఉప్పు ఎలా ఉందండీ?" అని అడిగింది. నాన్న ఇంకో గరిటె వేయించుకుని, "సరిపోయింది" అన్నారు. తండ్రి సరిపోయిందన్న ఉప్పు తక్కువైందనడానికి ఎవరికి గుండె ఉంటుంది? అందరం తిన్నాం. నాయనమ్మను తిన్నామని నాకు మర్నాటిదాకా తెలియదు.

మర్నాడు మల్లయ్య పందిరి గుంజల దగ్గర పాదులు తవ్వి, చేతులు దులుపుకుని, "గింజలేవి సారూ?" అన్నాడు.

"ఈసారి తినేశాం మల్లయ్యా."

"ఏందీ?"

"పులుసు పెట్టుకుని తినేశాం."

మల్లయ్య తవ్విన గట్టు మీద అట్లాగే కూర్చున్నాడు. నాన్నకేసి చూశాడు, నాకేసి చూశాడు. పరేషానై బీడీ తీసి, ముట్టించకుండా మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. "ముసలమ్మవి గదా సారూ. నా జిందగీల ఇత్తనాలు తిన్నోళ్ళను సూడలే" అన్నాడు, నెమ్మదిగా. అప్పుడు తెలిసింది నాకు. ఏడుపు రాలేదు. చెవులు మాత్రం వేడెక్కాయి. గుంజ పట్టుకుని నిలబడ్డాను.

అక్క ఇంట్లోకి పరుగెత్తింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం మెల్లగా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. నాన్న ఎదట నిలబడి గుప్పిట తెరిచింది. ఏడు నల్ల గింజలు. అవి నాకు బాగా తెలుసు. అష్టాచెమ్మా ఆడేటప్పుడు అక్క కాయలు వాటిలోవే, నావి చింతగింజలు. అంతకు ముందు అవి ఎక్కడివని నేను ఎన్నడూ అడగలేదు. విత్తనాల డబ్బా ముట్టుకోవడం మా ఇంట్లో చర్చి కానుకల సంచిలో చెయ్యి పెట్టడంతో సమానం.

"ఎక్కడివి?"

"డబ్బాలోంచి తీశాను నాన్నా. నాయనమ్మ ఉన్నప్పుడే."

"అడిగి తీశావా?"

"లేదు."

"అంటే దాన్ని ఏమంటారు?"

"దొంగతనం."

"ఇంకెప్పుడూ చెయ్యకు."

"చెయ్యను నాన్నా."

నాన్న ఆ ఏడు గింజల్నీ అరచేతిలో వేసుకుని, ఒకటొకటీ వేలితో కదిపి చూశారు. అప్పుడు ఆయన ముఖంలో ఏదో సడలింది. చాలా నెలలుగా లేనిది.

"ఇంకా ఏమన్నా దొంగిలించావా తల్లీ?" అన్నారు ఆశగా.

మల్లయ్య నవ్వడం మొదలుపెట్టాడు. గట్టు మీద పడి పడి నవ్వాడు. నాన్న కూడా నవ్వారు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని. ఆ తువ్వాలు కాస్త ఎక్కువసేపే అడ్డం ఉంది. ఏడింట్లో అయిదు మొలిచాయి, ఒకటి ఉడత పాలైంది, నాలుగు పందిరెక్కాయి. ఆ చలికాలం మా ఇంట్లో చిక్కుడుకాయ కూర లేదు. అన్నీ తీగ మీదే ఎండనిచ్చారు. ఎండాకాలంలో డబ్బాలో గుప్పెడు చేరాక నాన్న దాన్ని అక్క చేతికిచ్చి, ఇక నుంచి ఇది నీది అన్నారు. నాకేమీ ఇవ్వలేదు గాని, శిక్షా వేయలేదు. శిక్ష అక్క వేసింది. తోటలోకి రావద్దని, గిన్నెలు ముట్టుకోవద్దని. అరవయ్యేళ్ళు అమలు చేసింది. ఇంటికి ఎవరొచ్చినా కాఫీతో పాటు నా కథ వడ్డించేది. పెళ్ళయిన కొత్తలో బావకు ఆ కథ చెబితే, ఆయన నవ్వి నవ్వి పొలమారి, ఆ తర్వాత నన్ను చూసినప్పుడల్లా "ఏమోయ్, ఇవాళ ఏం ఒలిచావ్?" అని పలకరించేవారు.

బావ సంగతి ఒకటి చెప్పాలి. ఆయన బేగంపేటలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, టైపు మిషన్లు పోయేదాకా చేశారు. మట్టి ఆయనకు పడదు. తోటలోకి దిగరు. కాని వేళ్ళు ఊరుకునేవి కావు. అందుకని అక్క సాయంత్రం పూట ఆయన ముందు ఒక పళ్ళెం పెట్టేది. బఠాణీలు, వెల్లుల్లి, చింతకాయలు, ఏదో ఒకటి. వరండాలో పేపరు పరుచుకుని, అందులో వార్తలు చదువుతూనే, కళ్ళు తిప్పకుండా ఒలిచేవారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను తక్కువగా చూశాను. ఆమె పళ్ళెం పెట్టేది, ఈయన ఒలిచేవారు. నలభయ్యేళ్ళు అదే సంభాషణ. ఈసారి వెళ్ళినప్పుడు గమనించాను, ఆయన ముందు పళ్ళెం లేదు. వేళ్ళు కుర్చీ చేతి మీద ఊరికే టైపు చేస్తున్నాయి.

మూడు రోజులు పట్టింది మడులు తేలడానికి. దారం కట్టలేదు. యాదమ్మ కంటి చూపే దారం. ఎరువు ప్లాస్టిక్ సంచుల్లో కొన్నాం. దానికి వాసన లేదు. అదేదో గొప్పగా సంచి మీద రాశారు. మూడో సాయంత్రం పొట్లం విప్పాను. రెండు గుప్పిళ్ళకు తక్కువే ఉన్నాయి. నీళ్ళలో పోయబోతూ, ఎందుకో తెలియదు, కొన్ని తీసి కళ్ళజోడు పెట్టెలో వేసుకున్నాను. విత్తనం దాచాలని కాదు. అక్క ముట్టుకున్న వస్తువేదైనా ఒకటి జేబులో ఉంటే బాగుండుననిపించిందో, ఆమె అడ్డు లేనందుకు తీసుకున్నానో చెప్పలేను. అడగకుండా తీసుకున్నానన్నది మాత్రం నిజం. మిగిలినవి స్టీలు గిన్నెలో పోసి, నీళ్ళు పోసి, చోటు కోసం చూస్తే చెయ్యి దానంతటదే కిటికీ గూట్లో పెట్టింది.

పొద్దున్నే తోటలోకి దిగి, యాదమ్మతో కలిసి గుంజల చుట్టూ పాదుల్లో ఎరువు కలిపాను. ఎండ ఇంకా లోపలికి రాలేదు. గింజల కోసం ఇంట్లోకి వస్తే గూట్లో గిన్నె లేదు. వరండాలో ఉంది, బావ ఒళ్ళో. పేపరు మీద నల్లటి పొట్టు కుప్పగా ఉంది. ఆఖరి గింజ ఆయన వేళ్ళ మధ్య ఉంది. నేను చూస్తుండగానే టప్పుమని గిన్నెలోకి దూకింది.

ఆయన తలెత్తి, చాలా రోజుల తర్వాత పని దొరికిన మనిషిలా చూశారు. "నిన్న నానబెట్టింది కదా. ఒలవకపోతే పులిసిపోవూ?" అన్నారు.

నిన్న నానబెట్టింది నేను. ఆ మాట అనలేదు. ఆయనకు నవ్వి నవ్వి పొలమారిన కథే అది. అందులో మనిషి తనే అయ్యారని తెలిస్తే ఏమవుతారో నాకు తెలియదు. ఏదో అందామని నోరు తెరిస్తే, వచ్చిన మాట నాది కాదు.

"అన్నీ మీరే ఒలిచారా బావా?"

"ఒక్కణ్ణే."

"గోరు నొప్పి పుట్టలేదూ?"

"నొప్పేమిటోయ్, అలవాటేగా" అన్నారు. పెరట్లోంచి యాదమ్మ కేకేసింది, "సారూ, గింజలేవి?" అని. అప్పుడు తెలిసింది నాకు, ఎనిమిదేళ్ళవాడి నెత్తి మీద చెయ్యి వేసి పెరట్లోకి వెళ్ళిన మనిషి ఆ మేకుల మధ్య అంతసేపు ఎందుకు నిలబడ్డాడో. ఆయన మామూలుగా ఉండడం కాదు అది. ఆయన పెదవి కూడా ఆయనది కాదు అప్పుడు. నాలా తలూపడానికి కూడా వీల్లేక, ఉప్పు సరిపోయిందన్నారు.

కళ్ళజోడు పెట్టె పట్టుకుని తోటలోకి వెళ్ళాను. ఆరు ఉన్నాయి. "గివేనా?" అంది యాదమ్మ. గివే అన్నాను. నానని గింజలు, పొడిగానే పెట్టాం. మోకాళ్ళ మీద కూర్చున్నాను గాని ప్రార్థన గుర్తు రాలేదు. ఆమె చిటికెడు మట్టి కళ్ళకద్దుకునే దాకా ఊరికే అలా ఉన్నాను. ఆ ఆరింట్లో మూడు మొలిచాయని పది రోజుల తర్వాత ఆమే ఫోన్‌లో చెప్పింది. కాస్త ఆలస్యమైంది గాని తీగకు దమ్ముందంది. ఉడత సంగతి అడిగితే, ఉడతలు ఎప్పుడో పోయినయ్ సారూ, అపార్ట్‌మెంటోళ్ళ పిల్లి ఉన్నది అంది. ఈ ఏడు కూడా కాయ కొయ్యరు. చిన్నప్పటి లెక్క ప్రకారమైతే పై ఏడాదికి డబ్బాలో గుప్పెడు ఉండాలి. డబ్బా ఇప్పుడు మౌలాలిలో నా దగ్గర ఉంది. మనీప్లాంటు పక్కన.

కాని నాకు పదేపదే గుర్తొచ్చేది మొలకలు కాదు, ఆ మధ్యాహ్నం. ఒలిచిన పప్పు పారెయ్యలేక పులుసు పెట్టాను. నా వంట సంగతి మీకు చెప్పనక్కర్లేదు. బావ, నేను వంటింట్లోనే పీటల మీద కూర్చున్నాం. ఆయన ఒక ముద్ద తిన్నారు. రెండో ముద్ద కలుపుతూ ఆగారు.

"ఉప్పు సరిపోయిందా బావా?" అన్నాను.

ఆయన కంచంలోకి చూశారు. వేళ్ళు కదలడం మానేశాయి.

"లేదోయ్" అన్నారు. "మీ అక్క ఇంకాస్త వేసేది."

నేను లేచి, పై అరలోంచి ఉప్పు డబ్బా దించాను.